ఎండకని అడిగితే ఏ ట్యూబు ఇచ్చారు?

ఇది చదివే ముందు ఒక్కసారి లేచి అద్దం దగ్గరున్న ఫేస్ క్రీమ్ తెచ్చుకోండి. మీది కాకపోతే కోడలిది, కూతురిది, కాలేజీకెళ్లే కుర్రాడిది. ముందువైపు మెరిసే పేరు వదిలేయండి. వెనక చీమ తలకాయంత అక్షరాలుంటాయి, కళ్లజోడు పెట్టుకుని అవి చదవండి. మోమెటసోన్, బీటామెథసోన్, ఫ్లూసినోలోన్, క్లోబెటసాల్. వీటిలో ఏ ఒక్క పేరు కనబడినా మీ చేతిలో ఉన్నది సన్‌స్క్రీన్ కాదు. స్టిరాయిడ్ మందు. రోజూ పొద్దున్నే పౌడరులా పూసుకోవాల్సింది అసలే కాదు.

మొన్న బందరులో ఒక మందుల షాపు ముందు నిలబడి ఉన్నాను. స్కూటీ మీద వచ్చిన అమ్మాయి, "అన్నయ్యా, ఎండకి మొహం కమిలిపోతోంది, ఏదన్నా మంచి క్రీమ్ ఇవ్వండి" అంది. షాపులోవాళ్లు డాక్టరు చీటీ అడగలేదు. ఎన్నాళ్లు వాడతావని అడగలేదు. "ఇది రాసుకో అమ్మా, వారంలో తేడా నీకే తెలుస్తుంది" అని ఒక ట్యూబు చేతిలో పెట్టారు. అట్టపెట్టె మీద మూడు పేర్లున్నాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటసోన్. ఎండను ఆపే పదార్థం అందులో లేదు. పైగా మొదటి రెండూ వాడేవాళ్లు ఎండకు మామూలుకంటే ఎక్కువ జాగ్రత్త పడాలి. గొడుగు అడిగినవాళ్లకు ఉన్న గొడుగుకే చిల్లి పెట్టి పంపినట్టుంది.

ఆ మూడూ కలిసినది మందే, కాదనను. మంగు మచ్చలకు చర్మవైద్యులు దాన్ని రాస్తారు. రాత్రిపూట, కొద్ది వారాలు, తమ కళ్లముందు. చిక్కల్లా చీటీ లేకుండా, గడువు లేకుండా, పగటి క్రీముగా వాడటంలోనే. 2018లో కేంద్రం 14 స్టిరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనరు చీటీ లేనిదే అవి అమ్మకూడదు. మన దివిసీమ లంకల్లో ఆర్‌ఎంపీ అంటే డిగ్రీ లేని ఊరి వైద్యుడని అందరికీ తెలుసు. చట్టం చెప్పే ప్రాక్టీషనరు ఆయన కాదు.

"వాడితే బాగుందండీ, మరి?" అంటారు. బాగుంటుంది. అందుకే ఇది ఇంత ప్రమాదం. స్టిరాయిడ్ చర్మం కిందున్న సన్నటి రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, వాపునూ మంటనూ అణిచేస్తుంది, రంగు తయారీని తగ్గిస్తుంది. వారం తిరిగేసరికి మొహం తేటపడుతుంది. పక్కింటివాళ్లు అడిగి పేరు రాసుకుంటారు. నెలలు గడిచేకొద్దీ చర్మం ఉల్లిపొర అవుతుంది. బుగ్గల మీద ఎర్రటి నరాలు దారాల్లా బయటపడతాయి, మొటిమలు లేస్తాయి, ఆడపిల్లల మొహాన నూగు పెరుగుతుంది. గడప దాటితే మొహం భగ్గుమంటుంది. భయపడి మానేస్తే నాలుగైదు రోజుల్లో మొహమంతా ఎర్రబడి దురదలు, మంటలు. మళ్లీ పూస్తే చల్లబడుతుంది. ఇక ఆ ట్యూబును వదలరు. ఈ స్థితికి మన దేశపు చర్మవైద్యులు ఒక పేరే పెట్టాల్సి వచ్చింది: స్టిరాయిడ్ పూతతో పాడైన ముఖం.

ఇందులో నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఆ "ఎండకు భగ్గుమనడం". మంట పుట్టగానే "ఎండ పడటం లేదు" అనుకుని అదే షాపుకు వెళ్లి అదే క్రీమ్ మరో ట్యూబు కొంటారు.

దీనికంటే చెడ్డది ఇంకొకటుంది. పెళ్లి నెల రోజులుందనగా పార్లర్‌లోనో, ఫ్యాన్సీ షాపులోనో, ఆన్‌లైన్‌లోనో దొరికే పేరూ ఊరూ లేని డబ్బా. కొన్నిటిలో పాదరసం ఉంటుంది. రంగు తయారీని అది గట్టిగానే ఆపుతుంది. చర్మంలోంచి ఇంకి కిడ్నీలకూ చేరుతుంది. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్ డాక్టర్లు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు వరకు తమ దగ్గరికి వచ్చిన ఒక రకం కిడ్నీ జబ్బు రోగులను పరిశీలించారు. 22 మందిలో 15 మందికి మామూలుగా అరుదైన ఒకే తీరు జబ్బు. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవాళ్లే. క్రీమ్ ఆపాక చాలామంది కోలుకున్నారన్నది ఒక్కటే ఊరట. మహారాష్ట్రలోని అకోలాలో ఒకే ఇంట్లో తల్లికీ ఇద్దరు కూతుళ్లకూ కిడ్నీలు దెబ్బతిన్నాయి. ముగ్గురూ పూసుకున్నది ఒకే డబ్బా. కాళ్లవాపు, పొద్దున లేవగానే కళ్లకింద ఉబ్బు, మూత్రంలో నురగ కనబడితే డాక్టరుకు మీరే చెప్పండి, మొహానికి ఫలానా క్రీమ్ రాస్తున్నానని. ఆయన అడిగేదాకా ఆగొద్దు. మన కాస్మెటిక్స్ నియమాలు, 2020 ప్రకారం పాదరసం కలిపిన సౌందర్య సాధనాలు తయారు చేయడమూ తేవడమూ నిషేధం. డబ్బా మీద తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, గడువు తేదీ లేకపోతే ధర ఎంత తక్కువైనా ముట్టుకోవద్దు.

ఎండను ఆపడం వేరు, తెల్లబరచడం వేరు. షాపులో ఈ రెండు మాటలూ కలిసిపోయాయి. "ఎండకి క్రీమ్" అంటే తెల్లబడే క్రీమ్ ఇస్తున్నారు. కాబట్టి అడిగే తీరు మార్చండి: "ఎస్‌పీఎఫ్ 30 కానీ 50 కానీ, పీఏ మూడు ప్లస్‌లున్న సన్‌స్క్రీన్." ఎస్‌పీఎఫ్ కమిలించే కిరణాలకు కొలత. 30 అయితే నూటికి 97 వంతులు ఆపుతుంది, 50 అయితే 98. ఆ ఒక్క వంతు కోసం రెట్టింపు డబ్బు పెట్టక్కర్లేదు. పీఏ లోపలిదాకా దిగే కిరణాలకు కొలత, మంగు ముదిరేది వాటివల్ల కూడా. మంగు ఉన్నవాళ్లకు కంటికి కనబడే వెలుతురూ పడదు. వాళ్లు ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేత గోధుమరంగు సన్‌స్క్రీన్ అడగాలి. జింక్ ఆక్సైడ్‌వి మేలైనవే, కానీ కొన్ని మన చామనఛాయ మీద సున్నం కొట్టినట్టు తేలతాయి. బందరు ఉక్కపోతకు జిడ్డు క్రీములు చెమటతో కళ్లలోకి కారతాయి. జెల్ రకం, నీళ్లకు నిలిచేది నయం.

ఎంత రాయాలి? చూపుడువేలు, నడిమివేలు పొడవునా రెండు గీతలు, మొహానికీ మెడకీ. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ. ఇలా రాస్తే 50 గ్రాముల ట్యూబు నెలకూ నిలవదు. సంక్రాంతికి కొన్నది దసరాకీ మిగిలి ఉందంటే మీరు రాసుకోనట్టే లెక్క.

ఈ ఖర్చు రోజుకూలీ చేసే ఇంటికి అయ్యేది కాదని తెలుసు. అక్కడ మా మాట వేరు. కోడూరు, నాగాయలంక పొలాల్లో నాట్లకు దిగే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుంటారు. దాన్ని మించిన సన్‌స్క్రీన్ ఏ ట్యూబులోనూ లేదు. చెమటకు కరగదు, గడువు తేదీ ఉండదు, ఉతికి మళ్లీ వేసుకోవచ్చు. అంచు వెడల్పున్న టోపీ ఒకటి చేరిస్తే చాలు. గిలకలదిండిలో వలలు బాగుచేసేవాళ్లకూ, పెడనలో కలంకారీ బట్టలు ఎండేసేవాళ్లకూ, గుడివాడ చుట్టూ చెరువుగట్ల మీద మేత చల్లేవాళ్లకూ ఇదే మాట. గుడ్డ ముందు, ట్యూబు తర్వాత.

ఇంకో సంగతి మనకు తట్టదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఎండంతా వేసవి మీద తోసేస్తాం. కానీ సూర్యుడు బందరు నడినెత్తికి వచ్చేది ఏడాదికి రెండుసార్లు. మే మొదటి వారంలో ఒకసారి, మళ్లీ ఆగస్టు మొదటి వారం దాటుతుండగా. కాలువనీళ్లు శివారుకు ఆలస్యంగా చేరి, మన నాట్లు సరిగ్గా ఆ ఆగస్టు రోజుల్లోనే పడతాయి. మబ్బు పట్టిందని తువ్వాలు తీసేస్తారు. పల్చటి మబ్బు వేడిని తగ్గిస్తుంది కానీ అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా కిందికి వదిలేస్తుంది. నిమ్మచెక్క మొహాన రుద్దుకుని ఎండలోకి వెళ్లే అలవాటు కూడా ఇక్కడే ఆపండి. నిమ్మరసం మీద ఎండ తగిలితే చర్మం కాలి నల్లటి చారలు తేలతాయి.

ఇప్పటికే స్టిరాయిడ్ ట్యూబు నెలల తరబడి వాడుతున్నవారు ఈ సంపాదకీయం చదివి రాత్రికి రాత్రి సొంతంగా మానొద్దు. తిరగబడుతుంది. ఈ వారమే చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లండి, ఎలా తగ్గించాలో ఆయన చెబుతారు. ప్రైవేటు ఫీజు కష్టమైతే బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో వచ్చింది, దాని ఆసుపత్రికి వెళ్లవచ్చు. మందు వికటిస్తే ఫిర్యాదు నమోదుకు 1800-180-3024 ఉచిత నంబరు ఉంది. చీటీ లేకుండా స్టిరాయిడ్ అమ్ముతున్న షాపు సంగతి డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఔషధ నియంత్రణ అధికారులు కూడా ఫిర్యాదు చేతికందేదాకా ఆగకుండా, బందరు, గుడివాడ, అవనిగడ్డల్లో మామూలు కొనుగోలుదారుల్లా వెళ్లి "ఎండకి క్రీమ్" అడిగి చూడాలి.

చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ ట్యూబు, అట్టపెట్టె, దొరికితే బిల్లు వెంట తీసుకెళ్లండి. సగం వాడిన డబ్బానైనా పారేయొద్దు. డాక్టరు మొదట అడిగేది అదే.