బరక, రవ్వ, పిండి: మా ఇంటి కాఫీ గిర్ని

గ్రైండర్ లోపలే ఉన్న కాఫీ మెషిన్ కొనొద్దు. సీనియర్లకి ఆఫర్ లెటర్లు వస్తున్న సీజన్ ఇది. మొదటి జీతంతో ఏం కొనాలి అనే లిస్టుల్లో ఆ మెషిన్ ఫొటో తరచుగా కనిపిస్తోంది, అందుకే ముందే చెప్పేస్తున్నా. కాఫీ తాగొద్దు అనట్లేదు. గింజలు ఇంట్లో పట్టుకోవద్దు అని అస్సలు అనట్లేదు, అది చాలా మంచి పని. రెండు పనుల్ని ఒకే డబ్బాలో ఇరికించి, ఎవరూ విప్పకుండా బిగించి, మా ఊరి లాంటి ఊళ్లకి కూడా అమ్మడం మీదే నా కోపమంతా.

మాది జనగామ జిల్లా కొడకండ్ల. సాహిత్య క్లబ్ వాళ్లకి ఈజీగా గుర్తుండాలంటే సోమనాథుడి పాలకుర్తి, పోతన బమ్మెర మాకు దగ్గర. రాష్ట్రంలో మొదటి రైతు వేదిక 2020 అక్టోబర్ 31న మా ఊళ్లోనే మొదలైంది, ఆ రోజు టీవీలో మా ఊరి పేరు సాయంత్రం దాకా నడిచింది. ఇంతకీ చెప్పొచ్చేదేంటంటే, మాది పక్కా చాయ ఊరు. కాఫీ అంటే పెళ్లిలో పాలల్లో పొడి కలిపి పేపర్ కప్పులో ఇచ్చేది. అలాంటి ఊళ్లోకి 60 వేలు దాటిన ఎస్ప్రెస్సో మెషిన్ వచ్చింది. మా అన్న హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఈఎంఐ మీద కొన్నాడు. జాబ్ మారి వేరే దేశం వెళ్తూ అట్టపెట్టెతో సహా ఇంటికి పంపించేశాడు. "బటన్ ఒత్తితే చాలు" అని ఫ్యామిలీ గ్రూప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు.

మెషిన్ ఆన్ చేసిన మొదటి రోజు ఇంట్లో దాన్ని సరిగ్గా అర్థం చేసుకున్నది నేను కాదు, మా నాయినమ్మ. నేను యూట్యూబ్‌లో నాలుగు గంటలు చూసి వచ్చి 'ఫ్రెష్ గ్రైండ్' గురించి లెక్చర్ మొదలుపెట్టా. ఆమె మధ్యలోనే ఆపేసింది. "గిది గిర్నే కదా బిడ్డా. గింజ నిలువుంటది గని పిండి నిలువుంటదా? సజ్జ పిండి పట్టిచ్చి నాలుగొద్దులు వెట్టు, చేదెక్కుతది."

అంతే, మొత్తం సబ్జెక్ట్ అదే. వేయించిన కాఫీ గింజలో వాసనలు, కార్బన్ డయాక్సైడ్ బంధించి ఉంటాయి. గింజను పగలగొడితే గాలి తగిలే ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది (ఘనాన్ని సగం సగం చేస్తూ పోతే సర్ఫేస్ ఏరియా ప్రతిసారీ డబుల్ అవుతుంది, ఇంటర్లో చేసిన లెక్కే). వాసన నిమిషాల్లో పోవడం మొదలవుతుంది, ఆక్సిజన్ తన పని తను చేసుకుపోతుంది. గింజగా అయితే కొన్ని వారాలు బాగుంటుంది. కాబట్టి తాగే ముందే పట్టుకోవాలి. ఇది మనకి కొత్త ఐడియా కాదు. దంచిన మసాలాకీ ప్యాకెట్ మసాలాకీ తేడా తెలిసిన ఇంట్లో దీనికి మార్కెటింగ్ అక్కర్లేదు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి, ఇది మన క్లబ్ పత్రిక కాబట్టి. మెషిన్ మీద డయల్ ఉంది, 1 నుంచి 16 దాకా నంబర్లు. 7 అంటే ఎంత మెత్తన? ఏడు ఏమిటి? యూనిట్ లేదు. ఇంగ్లిష్‌లో వీడియోలన్నీ కోర్స్, మీడియం, ఫైన్, ఎక్స్‌ట్రా ఫైన్ అని నాలుగు ముక్కలు చెప్పి వదిలేస్తాయి. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే, అయినా వేలికి తగిలే తేడా ఆ మాటల్లో నాకు దొరకలేదు. మా వంటింట్లో దొరికింది. బరక, నూక, ఇడ్లీ రవ్వ, బొంబాయి రవ్వ, పిండి, మైదా. ఫ్రెంచ్ ప్రెస్‌కి ఇడ్లీ రవ్వ లెక్క ఉండాలి. మన స్టీల్ ఫిల్టర్‌కి బొంబాయి రవ్వ కంటే సన్నగా. ఎస్ప్రెస్సోకి మెత్తటి ఉప్పుకీ పొడి కొట్టిన చక్కెరకీ మధ్యలో ఎక్కడో. ఈ భాషలో చెప్పాక నాయినమ్మ రెండు వేళ్ల మధ్య పొడి నలిపి "ఇంక జర మెత్తగ గావాలె" అనేది. డయల్ రెండు గీతలు తిప్పితే షాట్ కుదిరేది. అన్న ఇంటర్నెట్‌లో అడిగి నేర్చుకున్నదాని కంటే ఆమె వేళ్లు కరెక్ట్.

కుదరడం అంటే ఏంటో కూడా చెప్పాలి. 18 గ్రాముల పొడి, దాని మీద సుమారు 9 బార్ల ఒత్తిడితో వేడినీళ్లు, 25 నుంచి 30 సెకన్లలో సుమారు 36 గ్రాముల కాఫీ. పొడి బరకగా ఉంటే నీళ్లు పది సెకన్లలో జారిపోతాయి, కాఫీ పుల్లగా, పల్చగా వస్తుంది. మరీ మెత్తగా ఉంటే చుక్క చుక్కగా దిగి చేదెక్కుతుంది. మిక్సీలో కొడితే ఈ కంట్రోల్ రాదు, ఎందుకంటే బ్లేడు కొడుతుంది, నలపదు. సగం దుమ్ము, సగం నూక. రెండు పళ్ల చక్రాల మధ్య నలిపేదే అసలు గ్రైండర్. ఇసుర్రాయి సూత్రం. డబ్బా మీద '15 బార్', '20 బార్' అని పెద్దక్షరాలతో వేసేదాన్ని పట్టించుకోకండి. అది పంపు ఇవ్వగలిగే గరిష్ఠం, కాఫీకి కావాల్సింది కాదు. 1948లో మిలాన్‌లో గాజ్జియా లివర్ మెషిన్ వచ్చినప్పటి నుంచీ కాఫీ మీద చిక్కటి నురగ వచ్చేది ఆ తొమ్మిది దరిదాపుల్లోనే.

కుదిరిన రోజు మాత్రం, నిజం చెప్పాలి, అద్భుతం. అరకు గింజలతో మొదటి మంచి షాట్ తాగినప్పుడు అందులో చక్కెర వెయ్యలేదని బాపు నమ్మలేదు.

మరి కంప్లైంట్ ఎక్కడ? సీఎస్ఈ వాళ్లకి ఒక్క మాటలో అర్థమవుతుంది: టైట్ కప్లింగ్. ఒక మాడ్యూల్ పడిపోతే రెండోది కూడా పడిపోయేలా రాసిన కోడ్ ఇది. గ్రైండర్‌కి కావాల్సింది పొడిగా, చల్లగా ఉండే చోటు. పక్కనే ఉన్న పొరుగువాడు నీళ్లు మరిగించి ఆవిరి కక్కే బాయిలర్. పైన గింజలు పోసే ప్లాస్టిక్ గిన్నె, ఎండాకాలం మా దగ్గర 44, 45 డిగ్రీలు. గింజలకి ఇంతకంటే చెడ్డ ఇల్లు ఉండదు. పాలకి ఆవిరి పట్టిన ప్రతిసారీ ఆ తడి కొంచెం కొంచెం పొడి దిగే గొట్టంలోకి చేరింది. ఆర్నెల్లలో అక్కడ పొడి సిమెంట్‌లా గట్టిపడింది. మోటార్ ఆగింది, ఎర్ర లైట్ వెలిగింది. అప్పటి నుంచి మెషిన్ వేడినీళ్లు కూడా ఇవ్వట్లేదు. హీటర్ బాగుంది, పంపు బాగుంది, అయినా గ్రైండర్ ఎర్రర్ ఉంది కాబట్టి బోర్డు ఏదీ నడవనివ్వదు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే మా పిన్‌కోడ్‌కి సర్వీస్ లేదన్నారు. (కంపెనీ పేరు రాయట్లేదు, ఈ రకం మెషిన్లు అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు.) 12 కిలోల డబ్బాని బస్సులో జనగామకి, అక్కడి నుంచి రైల్లో సికింద్రాబాద్‌కి మోసుకెళ్లాం. వారంటీ అయిపోయి ఐదు వారాలు. గ్రైండర్ విడిగా మార్చరట, బోర్డుతో కలిపి సెట్‌గానే వస్తుందట, 17 వేలు. బాపు ఏమీ అనకుండా మళ్లీ ఎత్తుకొచ్చాడు. ఆ సీజన్లో ఒక ఎకరం పెట్టుబడి లెక్క ఆయన మనసులో నడుస్తోందని మొహం చూస్తే తెలిసింది.

ఇదే మిక్సీ అయితే? తొర్రూరులో రిపేర్ షాపులో కార్బన్ బ్రష్‌లు, జార్ బుష్ మార్చి 200 తీసుకుంటారు, చాయ తాగేలోపు అయిపోతుంది. ఇసుర్రాయి అరిగితే గాట్లు పెట్టేవాళ్లు ఇంటి ముందుకే వచ్చేవాళ్లని నాయినమ్మ చెప్తుంది. టెక్నాలజీ పెరిగింది, బాగుచేసేవాడు మాత్రం దూరమయ్యాడు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రైట్ టు రిపేర్ మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబర్‌లో పోర్టల్ కూడా తెచ్చింది. ఇంట్లో వాడే వస్తువులు అందులో ఒక విభాగం. మంచిదే. కానీ విడిభాగం విడిగా అమ్మనంత కాలం మాన్యువల్ దొరికి ఏం లాభం?

నీళ్ల సంగతి కూడా ఎవరూ చెప్పరు. మా బోరు నీళ్లు మరిగిస్తే గిన్నెకి తెల్లటి పొర కడుతుంది. తాగే నీళ్లకి మన ప్రమాణాల్లో కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా ఓకే. మనిషి తట్టుకుంటాడు, సన్నటి గొట్టాల మెషిన్ తట్టుకోదు. వాటర్ ప్లాంట్ డబ్బా నీళ్లు పోస్తే పొర ఉండదు కానీ కాఫీ చప్పగా వస్తుంది. మేం రెండూ కలిపి వాడాం. పొర కట్టినప్పుడు కిరాణా షాపులో నిమ్మ ఉప్పు కొని నీళ్లలో కలిపి పంపించాం. డీస్కేలింగ్ పౌడర్లు చాలావాటిలో ఉండేది అదే సిట్రిక్ యాసిడ్, రేటులో మాత్రం ఎక్కడా పోలిక లేదు. ఇంక కరెంటు: 1,500 వాట్లు పైన లాగే హీటర్‌ని ఇంటి ఇన్వర్టర్ మోయదు. కరెంటు పోతే చాయే గతి.

వీటన్నిటికంటే పెద్దది అమ్మ పాయింట్. వరినాట్లప్పుడు మా ఇంటికి ఒకేసారి పన్నెండు మంది వస్తారు. ఒక గిన్నె, పాలు, చాపత్తా, అల్లం, పది నిమిషాల్లో అందరికీ చాయ. మెషిన్‌లో పట్టి, నొక్కి, దింపి, పాలు కాచి, తుడిచేసరికి కప్పుకి నాలుగు నిమిషాలు. పన్నెండో మనిషికి కాఫీ వచ్చేసరికి 48 నిమిషాలు, అప్పటికి మొదటి మనిషి పొలంలో ఉంటాడు. ఒక్కడే కూర్చొని తాగే ఫ్లాట్ కోసం పుట్టిన వస్తువు ఇది. తప్పేం లేదు, కానీ ఆ సంగతి డబ్బా మీద రాయరు. "బటన్ ఒత్తితే అయిపోతదన్నడు మీ అన్న. మరి ఈ చిప్ప, ఈ ట్రే, ఈ పాల గొట్టం రోజు ఎవరు కడుగుతాండ్రు?" అని అమ్మ అడిగింది. అన్న దగ్గర జవాబు లేదు. అన్నేంటి, పని తగ్గిస్తుందని ఇంటికి వస్తువు పంపే మనలో ఎవరి దగ్గరా ఉన్నట్టు నాకు అనిపించట్లేదు. ఆ పని ఎవరిదో ముందు అడగం కదా.

హైదరాబాద్‌లో సర్వీస్ సెంటర్‌కి పది కిలోమీటర్ల లోపు ఉండేవాళ్లు, వంటగట్టు చిన్నగా ఉన్నవాళ్లు నాతో ఒప్పుకోకపోవచ్చు. విడివిడిగా కొంటే రేటు ఎక్కువ, ప్లగ్గులు రెండు కావాలి. ఆ వాదన కరెక్టే. అయినా లెక్క చేసి చూడండి. గింజలు కిలో 1,200 అనుకుందాం. 60 వేలకి 50 కిలోలు వస్తాయి. కప్పుకి 18 గ్రాముల చొప్పున 2,777 కప్పులు, రోజుకి ఒకటి తాగితే ఏడున్నరేళ్లకి పైనే. డబ్బు గింజ మీద పెడితే అది ఎటు పోతుందో కూడా చూడండి. అరకు వైపు కొండల్లో, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, నీడ చెట్ల కింద ఆదివాసీ రైతులు పండించేది ఆ గింజ. దానికి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది, అంతకు ముందే 2017లో దాని పేరుతో పారిస్‌లో షాపు తెరిచారు. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ కూడా అక్కడ కాఫీ కొని అమ్ముతుంది. పారిస్‌లో తాగుతున్నారు, మన దగ్గర పెళ్లిలో మాత్రం ఇన్‌స్టంట్ పొడి. (ఇన్‌స్టంట్‌ని చిన్నచూపు చూడట్లేదు. మన దుగ్గిరాలలో తయారయ్యే పొడి చాలా దేశాలకి వెళ్తోంది.)

ఇప్పుడు మా ఇంట్లో చేత్తో తిప్పే గ్రైండర్ ఉంది, 4 వేల లోపు. పళ్ల చక్రాలు విప్పి, బ్రష్‌తో దులిపి, మళ్లీ బిగించొచ్చు, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. పక్కన స్టీల్ ఫిల్టర్. రాత్రి కరెంటు పోయినా పొద్దున కాఫీ ఆగదు. సెలవులకి వెళ్తే తిప్పే పని నాది. నేను లేనప్పుడు నాయినమ్మ గడప మీద కూర్చొని తిప్పుతుందట, తాగేది మాత్రం చాయే. "ఇసుర్రాయి లెక్క ఉన్నది, చేతులకు మంచిది" అంటుందట.

పెద్ద మెషిన్ సజ్జ మీద ఉంది, పాత చీర కప్పుకొని. హీటర్, పంపు రెండూ బతికే ఉన్నాయని మల్టీమీటర్‌తో చూశా. కావాల్సిందల్లా గ్రైండర్ సెన్సర్‌ని బైపాస్ చేసి, బోర్డుని "అంతా బాగుంది" అని నమ్మించడం. ఆ బోర్డు ఫొటోలు నా దగ్గర ఉన్నాయి. ఈసీఈ, ట్రిపుల్ఈ బ్రాంచిల్లో ఎవరికైనా ఇంట్రెస్ట్ ఉంటే చెప్పండి. దసరా సెలవుల్లో కొడకండ్ల రండి, బస్సు టికెట్ నాది, చాయ మా అమ్మది.