గోడ మీది అక్షరం కంప్యూటరులోకి వెళ్ళేదెలా?

పిల్లలూ! మీలో ఎవరైనా పటాన్‌చెరు నుంచి సంగారెడ్డికి బస్సులో వెళ్ళారా? ఈసారి వెళ్ళేటప్పుడు కిటికీ పక్కన కూర్చోండి. ఇస్నాపూర్, రుద్రారం, కంది ఒకదాని వెంట ఒకటి వెనక్కి పోతూ ఉంటాయి. కర్మాగారాల ప్రహరీగోడలు, పంచరు దుకాణాలు, టీ కొట్లు, లారీలు కనిపిస్తాయి. అన్నిటి మీదా అక్షరాలే! ఆ అక్షరాలను రెండు రకాలుగా విడదీయండి. ఫ్లెక్సీ మీద యంత్రం అచ్చువేసినవి ఒక రకం. మనిషి కుంచె పట్టి వ్రాసినవి రెండో రకం. రెండో రకం కొద్దిగానే కనిపిస్తుంది. ఒకప్పుడు బోర్డులన్నీ అవే.

కుంచెతో బోర్డు వ్రాయడం తేలిక కాదు. పెయింటరు మొదట సుద్ద రాసిన దారాన్ని బిగించి పట్టి, ఒక్కసారి లాగి వదులుతాడు. గోడ మీద తిన్నని తెల్లగీత పడుతుంది. ఆ గీతల మధ్య అక్షరాలను సుద్దతో పలచగా గీసుకుంటాడు. తరువాత ఎనామిల్ రంగులో కుంచె ముంచి, ఊపిరి బిగబట్టి వంపు తిప్పుతాడు. ‘సంగారెడ్డి’ అని వ్రాయాలంటే ‘డ్డి’ కింద డ వత్తుకు చోటు ముందే వదలాలి. ‘రుద్రారం’ అయితే ర వత్తు ‘ద’ను కింది నుంచి చుట్టుకుంటుంది. ఇవన్నీ అతడు ఏ పుస్తకంలోనూ చదవలేదు. గురువు పక్కన నిలబడి, రంగు డబ్బాలు మోస్తూ నేర్చుకున్నాడు.

ఇంత పని తెలిసిన మనిషికి ఇప్పుడు పని ఎందుకు తగ్గింది? అతడు ఒక రోజంతా వ్రాసే బోర్డును యంత్రం కొద్ది నిమిషాల్లో అచ్చువేస్తుంది. ఖర్చు కూడా తక్కువ. దుకాణదారును తప్పుపట్టలేం గదా! అయితే ఫ్లెక్సీ ఎండకు వెలిసిపోతుంది, గాలికి చిరుగుతుంది, పారవేస్తే మట్టిలో కలవదు. పాత బోర్డు తీసివేసిన నాడు దాని మీది అక్షరాల తీరు కూడా పోతుంది.

ఈ సంగతి హనీఫ్ కురేషీ అనే కళాకారుణ్ణి కలతపెట్టింది. ఆయన గుజరాత్‌లో పుట్టి, ఢిల్లీలో పనిచేసేవాడు. 2010 ప్రాంతంలో ఆయన ఢిల్లీ వీధుల్లో బోర్డులు వ్రాసే పెయింటర్లను వెతికి పట్టుకున్నాడు. వారి చేత ఇంగ్లీషు అక్షరాలు వరుసగా వ్రాయించి, వాటిని ఫాంట్లుగా మార్చాడు. ఫాంటు అంటే కంప్యూటరు వాడుకునే అక్షరాల పెట్టె అనుకోండి. అలా వచ్చిన మొదటి ఫాంటుకు, అక్షరాలు వ్రాసిన మనిషి పేరే పెట్టారు: ‘పెయింటర్ కఫీల్’. కురేషీ 2024లో చనిపోయాడు. ఆ అక్షరాలు మిగిలాయి.

గోడ మీది వంపు కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది? ముందు అక్షరాన్ని ఫోటో తీస్తారు. దాని అంచు వెంట అక్కడక్కడ చుక్కలు పెడతారు. రెండు మేకులు కొట్టి, వాటి మధ్య సన్నని వెదురుబద్దను వంచినట్టు ఊహించుకోండి. బద్ద ఎటు ఎంత వంగాలో చెప్పడానికి ఒక లెక్క ఉంది. ఆ లెక్కను కనిపెట్టింది అక్షరాల కోసం కానే కాదు, మోటారు కార్ల కోసం! ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్తెల్జో 1959లో ఆ పని చేశాడు. రెనో కంపెనీలో పియేర్ బెజియే 1960ల్లో దాన్ని వాడుకలోకి తెచ్చాడు. కారు ముందుభాగపు నునుపైన వంపుకూ, మీ పుస్తకంలోని ‘అ’ వంపుకూ ఒకే రకం లెక్క పనికి వస్తున్నది. చిత్రంగా లేదూ?

ఇక మన తెలుగు సంగతి. ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు 26, చిన్నవి 26, అంకెలు 10, మొత్తం 62. పెయింటరు కొద్ది రోజుల్లో వ్రాసి ఇవ్వగలడు. తెలుగులో 36 హల్లులకు ‘క’ నుంచి ‘కౌ’ దాకా 13 రూపాల చొప్పున లెక్కిస్తే 468! వత్తులు, అచ్చులు, అంకెలు వేరే. అందుకని ఫాంటు చేసేవారు అక్షరాలను ముక్కలుగా చూస్తారు. ‘సంగారెడ్డి’నే తీసుకోండి. స, గ, ర, డ అనే నాలుగు ఒళ్ళు. తలకట్టు, దీర్ఘం, ఎత్వం, గుడి అనే నాలుగు గుర్తులు. ఒక సున్న, ఒక డ వత్తు. మొత్తం పది ముక్కలు. వీటిని కలిపి ఎన్నో మాటలు కట్టవచ్చు.

కాని గుడ్డిగా అతికిస్తే ప్రమాదం. ‘వ’కు మామూలుగా కొమ్ము తగిలిస్తే అది ‘మ’ అయి కూర్చుంటుంది! అందుకే ‘వు’లో కొమ్మును కింది నుంచి తెస్తాం. ‘పు’ కూడా అంతే. ఇలాంటి చోట పెయింటరును అడగక తప్పదు. మరొక చిక్కు ఉంది. అతడు ఒకే బోర్డులో రెండు ‘ర’లు వ్రాస్తే రెండూ అచ్చం ఒకేలా ఉండవు. ఫాంటులో ఒకే ‘ర’ మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఆ తేడా కొంతైనా నిలవాలని ఒకే అక్షరానికి రెండు మూడు రూపాలు కూడా పెడతారు. అయినా చోటును బట్టి అక్షరాన్ని సాగదీసి, కుదించే ఆ చేతి తెలివి మాత్రం పెట్టెలో పట్టదు. అది మనిషి దగ్గరే ఉంటుంది.

తెలుగులో పెద్దన, సూరన్న, ధూర్జటి, గిడుగు, గురజాడ పేర్లతో ఉచితంగా దొరికే ఫాంట్లు ఉన్నాయి. కవులకూ పండితులకూ దక్కిన ఆ గౌరవం మన దారి పక్క పెయింటరుకూ దక్కితే బాగుండదూ? కంది దగ్గరి ఐ.ఐ.టి.లో డిజైన్ నేర్పే విభాగం ఉంది. కుంచె తెలిసిన పెయింటరూ, కంప్యూటరు తెలిసిన విద్యార్థీ ఉండేది ఒకే దారి మీద. అయితే అడగకుండా అక్షరాలు తీసుకోవడం దొంగతనంతో సమానం. అతడి పేరు ఉండాలి, రాబడిలో వాటా ఉండాలి.

మీరు చేయవలసిన పని ఒకటి ఉంది. ఈ ఆదివారం అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని, మీ ఊళ్ళో కుంచెతో వ్రాసిన పాత బోర్డు ఒకటి వెతకండి. యజమానిని అడిగి ఫోటో తీయండి. బోర్డు కింది మూలన చిన్న అక్షరాల్లో పెయింటరు పేరు ఉంటుందేమో చూడండి. ఉంటే నోటు పుస్తకంలో వ్రాసుకోండి. తరువాత ఆ బోర్డులోని ఒక్క అక్షరాన్ని పెన్సిలుతో చూచి గీయండి. మొదటిసారి వంకర పోతుంది. పదోసారికి ఆ చేతి కష్టం మీకు తెలుస్తుంది.