అనుకృతి దోషము కాదు, అసత్యమే దోషము

ఆషాఢమాసమున ఉప్పుగూడ మహంకాళి అమ్మవారికి బోనమెత్తు స్త్రీ, ఈ మూర్తి ఎన్ని ఏండ్లనాటిదని విచారింపదు. ఆమె నమస్కరించునది శిల వయస్సునకు కాదు, శిలయందు ఆవాహితమైన చైతన్యమునకు. అయినను నేడు ప్రసిద్ధ శిల్పముల నకళ్లను మట్టిలో మాగించి, ముక్కును వ్రేళ్లను బుద్ధిపూర్వకముగా విరిచి, 'పురాతన'మను పేరున అమ్మువారు కలరు. వానిని గర్వముతో గృహమున నిలుపుకొను ఆస్తికులును కలరు.

ఇచ్చట నింద అనుకరణమునకు కాదు. మూసీతీరమున సాలార్‌జంగ్ మ్యూజియమునందలి 'ముసుగు రెబెక్కా'ను ఇటలీ శిల్పి బెంజోనీ పాలరాతిలో మలచెను. మొదటి సాలార్‌జంగ్ దానిని 1876లో రోమునగరమున కొనెను. బెంజోనీ ఆ రూపమును పెక్కు ప్రతులుగా చెక్కెను. ఏ ప్రతియు ప్రాచీన గ్రీకు శిల్పముగా నటింపలేదు; సౌందర్యమునకు లోటును రాలేదు. మన విగ్రహములన్నియు ధ్యానశ్లోకమునకు అనుకృతులే కదా! ఆళ్లగడ్డ శిల్పి శాస్త్రప్రమాణముతో నేడు చెక్కిన మూర్తి, ప్రతిష్ఠానంతరము ఏ ప్రాచీనమూర్తికిని తీసిపోదు.

ప్రాచీనతయందు పవిత్రత లేదా యని ఆక్షేపింతురు. ఉన్నది. అది తరతరముల అభిషేకముచే, అర్చనచే వచ్చినది. ఆమ్లముతో పూయదగినది కాదు. రజ్జువునందు సర్పమును ఆరోపించుట అజ్ఞానము; నిన్నటి రాతియందు వేయేండ్లను తెలిసి ఆరోపించుట వంచన. పైగా భగ్నమూర్తి పూజార్హము కాదని ఆగమములు చెప్పుచుండగా, భగ్నతనే అలంకారముగా కల్పించుట ఏ భక్తి?

ఆ శిల నిజముగానే పురాతనమైనచో దోషము మరింత ఘోరము. 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము నూరేండ్లు దాటిన శిల్పమును ప్రైవేటు వ్యక్తులు విదేశమునకు ఎగుమతి చేయరాదు. అయినను ప్రకాశం జిల్లా చందవరము నుండి అపహృతమైన బౌద్ధశిల్పము ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు చేరి, 2016లో గాని స్వదేశమునకు మరలలేదు. కొనువాని పురాతనకాంక్షయే చోరునకు మూలధనము. శిల క్రొత్తదైనచో అసత్యమును, పాతదైనచో చౌర్యమును గృహమునకు ఆహ్వానించుటయే యగును.

సాధకునకు మార్గము సులభము. క్రొత్త మూర్తిని క్రొత్తదిగానే కొని, చెక్కినవానికి తగిన మూల్యమిచ్చి, నిత్యము ఒక పుష్పము సమర్పించిన చాలును. వయస్సు తనంతట వచ్చును.