ఒక ఊరి కథ, ఇద్దరు పరాయివారు

మృణాల్ సేన్ చలనచిత్ర జీవితాన్ని గురించి వ్రాసేవారు 1969 నాటి 'భువన్ షోమ్'ను, అటుపై వచ్చిన కలకత్తా చిత్రాలను విపులంగా చర్చిస్తారు. 1977లో ఆయన తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ'కు మాత్రం ఒక్క వాక్యం దక్కితే గొప్ప. నా దృష్టిలో ఆయన ప్రతిభకు అసలైన గీటురాయి ఆ చిత్రమే.

ప్రేమ్‌చంద్ హిందీ కథ 'కఫన్' దానికి మూలం. దర్శకుడికి తెలుగు రాదు. వెంకయ్యగా నటించిన వాసుదేవరావు కన్నడిగుడు. కోడలిగా నటించిన మమతా శంకర్ బెంగాలీ. భూస్వామిని బలిపించే చాకిరీకన్న పస్తులే మేలనుకునే వెంకయ్య, ప్రసవవేదనతో మరణించిన కోడలి అంత్యక్రియలకు కొడుకుతో కలిసి యాచనకు బయలుదేరుతాడు. యాస విషయంలో మనకు అభ్యంతరం ఉండవచ్చు గాని, ఆ ఆకలి పరాయిదని ఎవరనగలరు? ఆ ఏటి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం దానికే లభించింది.

దీనికి ఎదురుగా మా నెల్లూరు వారి ఉదాహరణ ఒకటున్నది. 'ఫిడేలు రాగాల డజన్' కవి తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి 1970లో 'సంస్కార' తీశారు. కన్నడంలో తీశారు! మద్రాసు సెన్సారువారు తొలుత నిషేధించిన ఆ చిత్రమే ఉత్తమ జాతీయ చిత్రంగా నిలిచింది. బెంగాలీ తెలుగులోకి రావడం, తెలుగువాడు కన్నడంలోకి వెళ్ళడం – రెండూ ఒక్క సత్యాన్నే చెబుతున్నాయి. మంచి చిత్రానికి భాష అడ్డంకి కాదు. చూడగల కన్ను, తెగించి డబ్బు పెట్టే నిర్మాత కావాలి. సేన్‌కు పరంధామరెడ్డి రూపంలో అటువంటి నిర్మాత లభించాడు.

'నేటివిటీ' అనే మాటను మనం తరచు వాడుతుంటాము. పంచెకట్టు, ఎడ్లబండి, నాలుగు యాసమాటలు చూపితే అది సిద్ధించినట్లే భావిస్తాము. మైపాడు పట్టపుపాలెంలో వేటకు విరామం వచ్చిన రోజుల్లో పొయ్యి ఎలా వెలుగుతుందో, ఇసకపల్లి ఉప్పుమడుల్లో కూలి ఎంత గిట్టుతుందో మన దర్శకులలో ఎందరు విచారించారు?

సేన్ 2018 డిసెంబరు 30న కన్నుమూశారు. భాష రాని ఆయన మన ఊరిని చూశారు. భాష వచ్చిన మనకు ఆ చూపు ఎప్పటికి వస్తుందో!