మా బాపు టీము

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా మనవడు టీవీలో 'మైదాన్' సినిమా పెట్టాడు. 2024లో వచ్చిన హిందీ చిత్రం. ఫుట్‌బాల్ శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం గారి కథ. సగం చూశాక వాడు నావైపు తిరిగి, "తాతా, గీ రహీం సాబ్ నిజంగ మన హైదరాబాదాయనేనా?" అన్నాడు.

ఆ ప్రశ్న కోసమే నేను పన్నెండేళ్లుగా కాచుకుని ఉన్నాను. ఇక ఆగుతానా?

మా బాపు చెరకు వేసేవాడు. బోధన్ ఫ్యాక్టరీ నుంచి చెరకు పైసలు రాగానే ఊళ్లో తలా ఒక పని పెట్టుకుంటే, ఆయన డిచ్‌పల్లి స్టేషన్లో బండెక్కి హైదరాబాదుకు మ్యాచ్ చూడబోయేవాడు. తిరిగొచ్చాక మా అమ్మ పెట్టే చీవాట్లు వేరే మ్యాచ్.

ఆయన టీము హైదరాబాద్ సిటీ పోలీస్. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు ఇంటికి తెచ్చింది. 1950లోనే డ్యూరాండ్ కప్పులో మోహన్ బగాన్ అంతటి జట్టును ఓడించింది. ఆ టీమును తీర్చిదిద్దిన రహీం గారు వృత్తిరీత్యా బడిపంతులు. బంతిని కాలి దగ్గర అట్టిపెట్టుకోకుండా వెంటనే పక్కవాడికి అందించాలనీ, ఎడమకాలూ కుడికాలంత పని చెయ్యాలనీ ఆయన పట్టుదల. భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచినా, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచినా శిక్షకుడు ఆయనే.

నిజం చెప్పొద్దూ, నేను ఆ టీమును ఒక్కసారీ చూడలేదు. 1963లో రహీం గారు పోయేనాటికి నాకు పదేళ్లు. అయినా నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అమ్ముగూడ బలరాం – ఈ పేర్లు నాకు ఎక్కాలకంటే ముందు వచ్చాయి. బాపు పొలంలో రెండు చెరకు గడలు పాతి గోలు అనేవాడు. నా కుడికాలికి తువ్వాలు చుట్టి, ఎడమకాలితో తన్నమనేవాడు.

ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. మనవడు లేచి నిలబడ్డాడు. "మరి గా టీము ఇప్పుడేడ ఆడ్తది తాతా? పోదాం పా!"

నా నోరు మూతపడింది. రహీం గారితోనే ఆ వైభవం కరుగుతూ వచ్చింది. బాపు చెరకు తోలిన ఫ్యాక్టరీ కూడా 2015లో మూతపడింది. ఏం చెప్పను?

వాడే మెల్లగా అన్నాడు, "నా టీము గూడ పోయింది గద తాతా."

అప్పుడు గుర్తొచ్చింది. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ గెలిచిన రాత్రి వీడు పచ్చచొక్కా తొడుక్కునే పడుకున్నాడు. 2025లో ఆ జట్టు పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. వీడు చొక్కా మడిచి పెట్టె అడుగున పెడితే, "ఆటే కదరా" అన్నాను నేను! మా బాపు టీము ముచ్చటను డెబ్భై ఏళ్లుగా మోస్తున్నవాణ్ణి, పసివాడి దిగులు నాకు దిగులనిపించలేదు.

ఈ కాలం పిల్లలకు మన జట్లంటే అభిమానం లేదని మీ ఇంట్లోనూ పెద్దవాళ్లు అంటూనే ఉంటారు. బాపు నాకు కథలతోపాటు చెరకు గడలు పాతి ఇచ్చాడు. నేను వీడికి కథలే ఇచ్చాను, అవీ ఇన్నాళ్లకు. మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోతు సౌమ్య భారత జట్టుకు ఆడుతోందని పేపర్లో చదివి మురిసిన నేను, వీణ్ణి ఒక్క సాయంత్రమైనా మైదానానికి తీసుకుపోలేదు.

ఆ సాయంత్రమే బయలుదేరాం. గడలు దొరకలేదు; చెప్పులు పెట్టి గోలు అన్నాం. వాడి కుడికాలికి నా తువ్వాలు చుట్టాను. ఎడమకాలితో తన్నిన మొదటి బంతి పక్కన మేస్తున్న బర్రెకు తగిలింది. పదో బంతి చెప్పుల మధ్యనుంచి పోయింది.

"ఇప్పుడు నువ్వు, తాతా!" అన్నాడు.

తన్నాను. ఈ వారం వ్యాసం ఆలస్యంగా అందినందుకు సంపాదకులు మన్నించాలి. మోకాలికి కాపడం పెట్టుకుంటూ రాశాను.