కుట్టుకూలి ఎవరిస్తారు?

పలాస మనిషి చుట్టాలింటికి వెళ్తే చేతిలో జీడిపప్పు ఉండాల్సిందే. విశాఖలో మేనత్త ఇల్లయినా, హైదరాబాద్‌లో వియ్యంకుల ఇల్లయినా అంతే. కాశీబుగ్గలో గుండు పప్పా, బద్దా అని ఏరి, బేరమాడి మరీ కొంటాం. దాన్ని ఏ సంచిలో పెట్టి ఇస్తున్నామో మాత్రం పట్టించుకోం. తళతళలాడే కవరు ఒకటి కొని అందులో వేసేస్తాం. అందుకున్నవాళ్లు పప్పు డబ్బాలో పోసుకుని, కవరు అప్పుడే చెత్తలో పడేస్తారు.

ఈ ఊళ్లోనే, టెక్కలిలో, ఉద్దానం పల్లెల్లో పాత చీరతో ఏళ్లపాటు నిలిచే సంచి కుట్టగల ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. కుట్టి ధర చెబితే వాళ్లకు ఎదురయ్యే మాట ఒక్కటే: “పాత గుడ్డే కదా, దీనికీ డబ్బులా?” ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. వాళ్లు గుడ్డకు ధర కట్టమనడం లేదు, కుట్టుకు కట్టమంటున్నారు.

ఆ కుట్టు ఎలాంటిదో ఒకసారి దగ్గరగా చూడండి. ముందు చీరను వెలుతురుకు పట్టి చూడాలి. నలిగిన చోట నేత జల్లెడలా కనిపిస్తుంది. కుచ్చిళ్ల కింది అంచు అరిగిపోయినా కొంగు గట్టిగానే ఉంటుంది. కొంగు సంచికి ముఖమవుతుంది, జరీ అంచు మూతికి వస్తుంది. లోపల లైనింగుకు పాత పంచె, పిడులకు ప్యాంటు గుడ్డ. ముందు మంచివైపు బయటికి ఉంచి కుట్టి, తిరగేసి మళ్లీ కుడితే పోగులు పైకి రావు. చివరికి మూతి మడిచి నాడా ఎక్కించాలి. తాను గుడ్డయితే ఒక కొలతతో పది సంచులు కత్తిరించేయొచ్చు. పాత గుడ్డతో ప్రతి సంచికీ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అంటే దీనికి ఎక్కువ నేర్పు కావాలి. అయినా తక్కువ ఇస్తామంటాం!

ఇలాంటి సంచిలో తాంబూలం ఇద్దామంటే, శుభకార్యానికి పాత గుడ్డేమిటని ముఖం చిట్లించేవాళ్లూ ఉన్నారు. పురిటిబిడ్డను చుట్టేది ఉతికిన మెత్తని పాత గుడ్డలోనే కదా? ఉయ్యాల కట్టేది అమ్మ చీరతోనే కదా? బిడ్డకు పనికొచ్చింది తాంబూలానికి పనికిరాదా?

జపాన్‌లో కానుకలను ఫురోషికి అనే గుడ్డలో కట్టి ఇవ్వడం పాత ఆచారం. 2006లో అక్కడి పర్యావరణ మంత్రి యురికో కొయికే దాన్ని మళ్లీ వాడుకలోకి తేవాలని ప్రచారం చేశారు. తమిళనాడు ప్రభుత్వం 2021లో పసుపు గుడ్డ సంచిని తిరిగి జనం చేతికెక్కించే పని పెట్టుకుంది. మన దేశంలో 120 మైక్రాన్ల కన్నా పల్చటి ప్లాస్టిక్ సంచులను 2022 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. ఇంత జరిగినా మన వీధిలో కుట్టే మనిషికి మర్యాద పెరగలేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఇక్కడి కొబ్బరి, జీడి తోటలను కూల్చేసింది. కిడ్నీ జబ్బు ఉద్దానంలో ఎన్నో ఇళ్లను కుంగదీసింది. మంచం పట్టిన మనిషిని వదిలి కూలికి వెళ్లలేని ఇల్లాలికి, ఇంట్లో కూర్చుని నాలుగు రూపాయలు సంపాదించుకునే దారి ఈ కుట్టు. దాన్ని కాలక్షేపం కింద కొట్టిపారేయడం అన్యాయం.

జీడిపప్పు వ్యాపారులూ, మీ పప్పును ఈ సంచుల్లో పెట్టి అమ్మండి, సంచి ధర బిల్లులో విడిగా వేయండి. పెళ్లివారూ, బీరువాలో మగ్గుతున్న చీరలు స్టీలు గిన్నెలవాడికి వేసే ముందు మీ వీధి దర్జీ అక్కకు చూపించండి. ఆమె అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.