ఇల్లు తేలకుండా బిడ్డ సంగతి తేలదు



విడాకుల మాట రాగానే మన చుట్టపక్కాలు అడిగేది ఒక్కటే: మనోవర్తి ఎంత? ఇల్లు ఎవరికి పోయిందని అడిగేవాళ్లు తక్కువ. పెళ్లయ్యాక కూడబెట్టిన ఆస్తిని ఇద్దరికీ పంచమని మన వివాహ చట్టాల్లో ఒక్క సెక్షనూ లేదు. అది లేనంతకాలం పిల్లల కస్టడీలోనూ న్యాయం సగమే జరుగుతుందని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పిల్లల గురించి చట్టం మంచి మాటే చెబుతుంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టమైనా, 1956 నాటి హిందూ మైనారిటీ చట్టమైనా బిడ్డ క్షేమమే చూడమంటాయి. అయిదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. ఆ పై వయసైతే జడ్జిగారు అన్నీ విచారించి తేలుస్తారు, ఊహ తెలిసిన పిల్లలైతే వాళ్ల ఇష్టమూ కనుక్కోవచ్చు. పిల్లలు తల్లిదండ్రుల ఆస్తీ కాదు, ఆటబొమ్మలూ కాదని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది. తండ్రికి డబ్బుందన్న ఒక్క కారణంతో బిడ్డను అప్పగించకూడదనీ తీర్పులున్నాయి.

మరి చిక్కెక్కడ? మా చెల్లెలి కూతురి కేసులో అవతలివాళ్లు వేసిన కౌంటరు చదివాక నాకది అర్థమైంది. ఆమె కొడుకుని పెంచడం కోసం ఉద్యోగం మానేసింది. పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్లిచ్చిన పొలం అమ్మితే ఆ డబ్బు ఫ్లాటు అడ్వాన్సుకి పోయింది. మిగతాదానికి అతని పేర బ్యాంకు లోను, రిజిస్ట్రేషనూ అతని పేరే. ఇప్పుడు కౌంటరులో ఏం రాశారు? పిల్లవాడు పెరిగిన ఇల్లు ఇది, బడి దగ్గర, స్నేహితులు ఇక్కడే, నాయనమ్మా తాతయ్యా ఇక్కడే. తల్లి పుట్టింట్లో ఒక గదిలో ఉంటోంది, ఆమెకు సంపాదన లేదు. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. బిడ్డ అలవాటుపడిన చోటు మార్చకూడదన్నదీ న్యాయమైన మాటే. ఆ ఇల్లు ఎవరి పొలంతో, ఎవరి చాకిరీతో నిలబడిందో మాత్రం ఆ కాగితాల్లో ఎక్కడా లేదు. ఇల్లు పోగొట్టుకోవడమే ఆమెకు బిడ్డ విషయంలోనూ లోటుగా లెక్కకొస్తోంది. కేసు ఇంకా వాయిదాల్లోనే ఉంది.

పొలం డబ్బు పడిందని రుజువు చేసుకోవచ్చు కదా అంటారు. స్త్రీధనం భార్య సొంతమని సుప్రీంకోర్టు 1985లో తేల్చిన మాట నిజం. హిందూ వివాహ చట్టంలో 27వ సెక్షనూ ఉంది, కాని అది పెళ్లి సందర్భంగా ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చిన ఆస్తి వరకే. కాపురం చేసుకుంటూ భర్త ఖాతాలో డబ్బు వేసేటప్పుడు ఏ భార్య రసీదు రాయించుకుంటుంది? ఏళ్ల తరబడి చేసిన వంటకి, పిల్లల పెంపకానికి, మంచానపడ్డ అత్తగారి సేవకి రసీదు ఎవరిస్తారు?

2020 నవంబరులో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం మనోవర్తి కేసుల్లో ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులతో అఫిడవిట్ వెయ్యాలి. అంటే ఎవరి పేర ఏముందో జడ్జిగారి బల్ల మీదికి ఇప్పటికే వస్తోంది. నెలకెంత ఇవ్వాలో లెక్కకట్టడానికే అది పనికొస్తోంది. గోవాలో అలా కాదు. పోర్చుగీసువాళ్ల కాలం నాటి సివిల్ కోడ్ ప్రకారం, పెళ్లికి ముందు వేరే ఒప్పందం రాసుకోకపోతే ఆస్తి ఇద్దరిదీ. మన పార్లమెంటుకీ ఈ ఆలోచన వచ్చింది. విడాకుల వేళ భర్త ఆస్తిలో భార్యకు వాటా ఇచ్చే బిల్లును 2013 ఆగస్టులో రాజ్యసభ ఆమోదించింది. లోక్‌సభలో అది గట్టెక్కలేదు. 2023లో మద్రాసు హైకోర్టు, సౌదీలో పనిచేసిన భర్త డబ్బుతో కొన్న ఆస్తిలో ఇల్లు నడిపిన భార్యకు సగం హక్కుందని తీర్పిచ్చింది. గొప్ప తీర్పే. కాని ప్రతి ఇల్లాలూ హైకోర్టు దాకా వెళ్లగలదా?

ఢిల్లీ కోసం ఎదురుచూడాల్సిన పని మనకు లేదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కునిస్తూ ఎన్.టి. రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు చేసింది. కేంద్రం ఆ పని చేసేసరికి 2005 వచ్చింది. పెళ్లి, విడాకులు కూడా వారసత్వం లాగే ఉమ్మడి జాబితాలోవి. రాష్ట్రపతి ఆమోదం తీసుకుని అప్పుడు చేసినట్టే ఇప్పుడూ చెయ్యొచ్చు.

తండ్రుల బాధ నాకు తెలియంది కాదు. కోర్టు ఆవరణలో గంటో రెండు గంటలో బిడ్డని చూసుకుని వెనక్కి వెళ్లే నాన్నల్ని అక్కడ కళ్లారా చూశాను. బిడ్డకు ఇద్దరి ప్రేమా కావాలి. నేను అడిగే వాటా కూడా ఆడవాళ్లకే కాదు, భార్య పేర ఇల్లుంటే భర్తకూ అదే వర్తించాలి. తాతలనాటి ఆస్తిని ముట్టుకోనక్కర్లేదు. కలిసి కాపురం చేసిన కాలంలో కూడినదాన్ని, అప్పులు పోను, పంచాలి. బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండేదాకా బిడ్డను పెంచేవారికి ఆ ఇంట్లో ఉండే హక్కివ్వాలి. అప్పుడు తల్లీ తండ్రీ జడ్జిగారి ముందు సమానంగా నిలబడతారు, బిడ్డకు ఏది మంచిదో ఆయన నిజంగా చూడగలుగుతారు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఈ సవరణను వచ్చే శాసనసభ సమావేశాల్లోనే ప్రవేశపెట్టాలని కోరుతున్నాను. ఇల్లు కొనే పాఠకులకు నా మనవి: చట్టం వచ్చేదాకా ఆగకండి, రిజిస్ట్రేషన్ రోజున దస్తావేజులో భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
ఒంగోలు